మంచానికి కట్టిన వెలుగు

మా మనవరాలు గుంటూరులో బిల్డింగులు గీసే చదువు చదువుతోంది. మొన్న సెలవులకు వస్తూ కంప్యూటరు వెంట తెచ్చుకుంది. వసారాలో చాప వేసుకుని పొద్దుగూకులూ దాని ముందే. ఏం చేస్తున్నావే అని అడిగితే ఫంక్షన్ హాలు కడుతున్నానంది. కట్టడమంటే ఇటుకా సిమెంటూ కాదు, బొమ్మలో కట్టడం. లోపల నిలబడి చూస్తే ఎలా ఉంటుందో అచ్చం ఫొటోలాగా రావాలట. ఏసీ హాలు కాబట్టి ఒక్క కిటికీ కూడా లేదు. ఉన్నదల్లా ముందు ఒక పెద్ద వాకిలి.

లోపలంతా చీకటిగా ఉందని పిల్ల లైటు మీద లైటు పెట్టుకుంటూ పోయింది. కప్పుకు లైట్లు, స్తంభాలకు లైట్లు, మూలమూలకూ లైట్లు. పెట్టేకొద్దీ కంప్యూటరు రొప్పడం మొదలుపెట్టింది. పొద్దున బొమ్మ వేయమని చెప్పి వదిలేస్తే సాయంత్రం దాకా వేస్తూనే ఉంది. తీరా చూస్తే బొమ్మ మీద జొన్నపిండి చల్లినట్టు చుక్కలు. పిల్ల మొహం చిన్నబోయింది. స్నేహితురాలికెవరికో ఫోను చేసి మాట్లాడి వచ్చి, పెట్టిన లైట్లన్నీ ఒక్కొక్కటే పీకేసింది. వాకిలి దగ్గర మాత్రం ఒక తెల్లటి పలక లాంటిది నిలబెట్టి, నేలకు కూడా తెల్లరంగు వేసింది.

"ఇదేందే, ఉన్నయి గూడా తీసేస్తే ఇంకా చీకటి గాదా?" అన్నాను.

"వెలుగు నేరుగా పడక్కర్లేదు అమ్మమ్మా. దీనికి తగిలి గోడ మీద పడుతుంది. గోడకు తగిలి లోపలికి పోతుంది. ఎన్నిసార్లు తగిలి తిరగొచ్చో మనం చెబితే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది" అంది.

నేను పప్పులో తాలింపు పెట్టి వచ్చేసరికి బొమ్మ తేరింది. వెనక గోడ దాకా వెలుగు పాకి ఉంది. దీపం ఎక్కడుందో కనపడదు, అయినా అన్నీ కనపడుతున్నాయి. దేని కిందా గట్టి నీడ లేదు. అది చూసేసరికి నా ముక్కుకు మిరపకాయల ఘాటు తగిలింది, తాలింపులో ఎండుమిరపకాయ వేయకపోయినా. పిల్ల పక్కన కూర్చున్నానన్న మాటే గానీ, నేను అప్పుడే పిడుగురాళ్ళలో మిరపకాయల గోడౌనుకు వెళ్ళిపోయాను. అత్త దగ్గరికి.

అత్త అంటే నా భర్త తల్లి కాదు. ఆమెతో మాకు ఏ చుట్టరికమూ లేదు. మేమున్న పేటలో చిన్నా పెద్దా అందరూ ఆమెను అత్తా అనే పిలిచేవాళ్ళు కాబట్టి నేనూ అత్తా అన్నాను. పేరు ఏదో ఒకటి ఉండే ఉంటుంది. పెద్దవాళ్ళను పట్టుకుని నీ పేరేమిటని అడిగే అలవాటు మాకు లేదు, ఆమె చెప్పనూ లేదు. మనిషి పొట్టి. నడక మాత్రం పొడుగుపాటి మగవాడి నడక. ఆమె వెనక పనికి పోవాలంటే మేము సగం దూరం పరిగెత్తాల్సి వచ్చేది. ముక్కుకు గుడ్డ కట్టుకున్నాక కళ్ళు రెండే కనపడేవి. ఆ కళ్ళతోనే తిట్టేది, ఆ కళ్ళతోనే నవ్వేది. ఏది తిట్టో ఏది నవ్వో తెలుసుకోవడానికి కొత్తవాళ్ళకు కొన్నాళ్ళు పట్టేది.

తాలు ఏరే ఆడవాళ్ళ ముఠాకు ఆమె మేస్త్రి. తాలు అంటే రంగు పోయి తెల్లబడిన మిరపకాయ. ఎర్రటి రాశిలో అవి నాలుగు కనపడితే చాలు, గుంటూరు మిర్చి యార్డులో మొత్తం సరుకుకే పేరు పోతుంది. అందుకని మాఘమాసం నుంచి ఎండలు ముదిరేదాకా ఆడవాళ్ళం గోడౌనులో వరసలుగా కూర్చుని, రాశి ముందు వేసుకుని, తాలు తీసి పక్కన పారేసేవాళ్ళం.

మిరపకాయల్లో చేయి పెట్టినవాళ్ళకు ఎంత కడుక్కున్నా మంట పోదు. అందుకని అత్త తన మొహాన్ని చేత్తో ముట్టుకునేది కాదు. చెమట కారినా, కన్ను దురద పెట్టినా, భుజం పైకెత్తి జబ్బకు మొహం రుద్దుకునేది. గోడౌనులోనే కాదు, పని లేని రోజుల్లో ఇంటి దగ్గర కూడా అంతే. ఒకసారి అందరం కలిసి సినిమాకు పోయాం. ఏడుపు సీను వచ్చినప్పుడు పక్కకు చూస్తే ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, కోడి రెక్క కిందికి తల దూర్చినట్టు, జబ్బతో కన్నీళ్ళు తుడుచుకుంటోంది. నాకు ఏడుపు పోయి నవ్వొచ్చింది. ఆ అలవాటు తర్వాత నాకూ అంటుకుంది. ఇప్పటికీ ఎప్పుడైనా కళ్ళు తడైతే చేయి పైకి లేవదు, భుజమే లేస్తుంది.

కొత్తగా వచ్చినవాళ్ళు ఘాటుకు దగ్గుతూ ఉంటే, "మిరపకాయ నిన్ను పలకరిస్తంది, నువ్వు గూడా పలకవే" అనేది. పలకడమంటే దగ్గీ తుమ్మీ కడుపులోది కక్కేసి మళ్ళీ పనిలో కూర్చోవడం. నీళ్ళు తాగనిచ్చేది కాదు, నీళ్ళు తాగితే మంట ఇంకా దిగుతుందని. బెల్లం ముక్క ఒకటి కొంగున కట్టుకుని వచ్చేది. అది ఎవరికి ఇవ్వాలో, ఎవరిని ఇంకాసేపు దగ్గనివ్వాలో ఆమె ఇష్టం.

ఇంకో అలవాటు ఉండేది. గడప దాటి గోడౌనులోకి అడుగుపెట్టగానే ఆమె కళ్ళు మూసుకుని అక్కడే నిలబడిపోయేది. వెనక మేమంతా ఒకరి మీద ఒకరం పడేవాళ్ళం. జరుగు అత్తా అంటే జరిగేది కాదు.

"ఆగండే. నేను లోపలికొచ్చా గానీ నా కళ్ళు ఇంకా బయటే ఉన్నయ్" అనేది.

నిజానికి ఆ గోడౌను అలాంటిది. బయట పిడుగురాళ్ళంటే తెలుసుగా, సున్నపు బట్టీల పొగ, రాళ్ళ లారీలు లేపే దుమ్ము, చెట్ల ఆకులు కూడా తెల్లగానే ఉంటాయి. ఎండకు కళ్ళు విప్పలేం. గడప దాటితే బావిలోకి దిగినట్టు. తూర్పు దిక్కున ఒకటే వాకిలి. కిటికీ అన్న మాటే లేదు. ఎండ తగిలితే కాయ రంగు దిగిపోతుందని సావుకారు పెట్టించలేదు. లోపల సున్నం కొట్టిద్దామంటే, పెచ్చులు ఊడి కాయలో పడితే కల్తీ అంటారని దానికీ ఒప్పుకోలేదు. ఊరంతా సున్నమే గానీ ఆ గోడలు మాత్రం నల్లగా ఉండేవి. కప్పు నుంచి ఒక బల్బు వేలాడేది. ఎండాకాలం పగటిపూట కరెంటు ఎప్పుడుంటుందో తెలియదు. ఉన్నా ఆ పసుపు వెలుగులో తాలు కాయ కూడా ఎర్రగానే కనపడి మోసం చేసేది.

అందుకని అక్కడ కూర్చునే చోటు ముఖ్యం. వాకిలి వరస పెద్దవాళ్ళది. వెలుగూ వాళ్ళదే, గాలీ వాళ్ళదే. ఎన్ని ఏళ్ళు పని చేస్తే అంత వాకిలి దగ్గరికి జరుగుతారు. నడుమ వరస నడిమివాళ్ళది. కొత్తగా వచ్చినవాళ్ళు వెనక గోడకు ఆనుకుని కూర్చోవాలి. ఘాటంతా అక్కడే పేరుకునేది. వాకిలి వరసలో మొదటి చోటు అత్తది. దాన్ని ఇంకొకరు తొక్కి నడిచేవాళ్ళు కూడా కాదు.

నేను వెనక గోడ మనిషిని. ఆ ఏడు క్వారీలో బండ జారి నా భర్త కాలు విరిగింది. కట్టు కట్టించుకుని మంచంలో ఉన్నాడు. కూతురింకా నడక నేర్చే వయసు. ఆయన మంచంలో పడుకునే ఒక చేత్తో దాని లంగా పట్టుకుని ఇంట్లో కాపలా కాసేవాడు. పొయ్యి వెలగాలంటే నేను తాలు ఏరాలి, ఇంకో దారి లేదు. ఏరుదామంటే చీకటి. కాయను కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూస్తే కళ్ళు మండి నీళ్ళు కారేవి, అప్పుడు ఎర్రదీ తెల్లదీ అన్నీ ఒకటే.

ఒకరోజు గుమస్తా నా గంప తీసుకెళ్ళి వాకిట్లో ఎండలో కుమ్మరించాడు. ఆయన గంజి పెట్టిన పంచె, తెల్ల చొక్కా తప్ప వేసుకునేవాడు కాదు. మిరపకాయల మధ్య తిరుగుతూ అంత తెల్లగా ఎలా ఉండేవాడో మాకు ఆశ్చర్యంగా ఉండేది. పంచె ఎగగట్టి కూర్చుని నా గంపలో నుంచి తాలు ఏరి చూపించాడు. నాకే సిగ్గేసింది, అన్ని ఉన్నాయి. ఈ వారం చూసి, ఇలాగే ఉంటే వచ్చే వారం నుంచి ఈ అమ్మాయిని రావద్దని చెప్పమని అత్తతో అన్నాడు. వినుకొండ వైపు నుంచి వేరే ముఠా వాళ్ళు పని అడుగుతున్నారని కూడా అన్నాడు.

అత్త జబ్బకు మొహం తుడుచుకుంది. ఆ సాయంత్రం మా ఇంటి మీదుగా పోతూ గుమ్మంలో నిలబడి లోపలికి చూసింది. మంచంలో కాలు చాపుకున్న నా భర్తను, ఆయన చేతిలో లంగా కొస ఉన్న నా కూతురిని చూసింది. మజ్జిగ ఇస్తానంటే వద్దంది. పోతూ పోతూ, మంగలి షాపులో పాత అద్దం ఒకటి పడుందంటగదా అని నన్నే అడిగింది. నాకేం తెలుసు.

మర్నాడు ఆ అద్దం గోడౌనుకు వచ్చింది. నిలువుటద్దం, ఒక మూల పగిలింది. మధ్యాహ్నం పొద్దు పడమటికి తిరిగాక దాన్ని ముందు ఆవరణలో రాళ్ళ మీద ఆనించింది. అటూ ఇటూ వంచి చూసేసరికి ఎండ తాడులాగా వాకిట్లోంచి లోపలికి వచ్చి వెనక గోడకు కొట్టుకుంది. అందరం ఒక్కసారి అరిచాం. నా ముందున్న కాయలు ఎర్రగా భగ్గుమన్నాయి. నేను బతికాననుకున్నాను.

ఆ వెలుగుతో తిప్పలు ఉన్నాయని సాయంత్రానికే తెలిసింది. పడినచోట కళ్ళు బైర్లు కమ్ముతాయి, పడనిచోట మునుపటి కంటే చీకటి. పొద్దు జరిగేకొద్దీ ఆ వెలుగు కూడా జరిగేది. నా దగ్గర నుంచి పక్కకు పోయి, బస్తాలకెత్తడానికి సిద్ధం చేసిన రాశి మీద నిలిచేది. బస్తాలో తొక్కేటప్పుడు కాయ విరగకుండా ముందు రాశి మీద నీళ్ళు చల్లుతారు. అలా చల్లిన రాశిని మర్నాడే ఎత్తేయాలి. ఆ వారం గుమస్తా గుంటూరు యార్డులో చిక్కుకుపోయి రావడం ఆలస్యమైంది. తడి రాశి అక్కడే ఉండిపోయింది. రోజూ మధ్యాహ్నం అద్దపు ఎండ దాని మీద నిలబడుతూనే ఉంది. మా చూపులన్నీ మా ముందున్న కాయల మీదే ఉండేవి, ఆ రాశి సంగతి ఎవరికీ తట్టలేదు.

గుమస్తా వచ్చి రాశి పైపొర తిరగేశాడు. ఎండ పడినంత మేర కాయలు మచ్చలు మచ్చలుగా తెల్లబడి ఉన్నాయి. గీత గీసి కొలతపెట్టినట్టు, అద్దం ఎంత ఉందో అంత.

"తాలు ఏరమ్మా అంటే తాలు తయారు చేస్తన్నావా పెద్దమ్మా?" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. సావుకారు గారు వచ్చారు. ఆయన కేకలు వేసే మనిషి కాదు, అదే మాకు భయం. అద్దం తీసేయమన్నారు. ఇక మీదట మెరిసేది ఏదీ ఈ ఆవరణలోకి రాకూడదన్నారు. అత్తను పనిలోంచి తీసేస్తారేమోనని అందరం లేచి నిలబడ్డాం. ఆయన మా వరస చూసి, ఆలోచించి, సీజను అయ్యేదాకా ఆమె వెనక గోడ దగ్గర కూర్చోవాలని చెప్పి వెళ్ళిపోయారు.

అత్త తన గోనెపట్టా చుట్టి చంకన పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"లేవే కోడలా. నా చోటు ఖాళీగా ఉంటే పిల్లులు పడుకుంటయ్. పోయి అక్కడ కూచో" అంది.

నేను లేవలేదు. వాకిలి వరసలో కూర్చునే వయసు నాది కాదు, అందరూ ఏమంటారు? ఆమె నా గంప తీసుకెళ్ళి తన చోట పెట్టేసి వచ్చి, నా చోట కూర్చుని ముక్కుకు గుడ్డ బిగించుకుంది. ఇక మాట్లాడే పని లేదన్నమాట.

ఆ వారం నా గంపలో తాలు దొరకలేదు. గుమస్తా నన్నేమీ అనలేదు. కానీ అత్త గంపలో దొరికాయి. ఎన్ని ఏళ్ళుగానో తాలు ఏరుతున్న మనిషి గంపను ఎండలో కుమ్మరించి ఏరి చూపిస్తుంటే మాకందరికీ తలలు వంగిపోయాయి. ఆమె మాత్రం వంగి తనూ చూసి, అవును నాయనా ఉన్నయ్ అంది. దగ్గు కూడా పట్టుకుంది. వెనక నుంచి ఆ దగ్గు వినపడినప్పుడల్లా వాకిలి గాలి నాకు ముళ్ళలా తగిలేది. నా చోటు నాకిచ్చెయ్యి అత్తా అని బతిమాలాను. ఆమె బెల్లం ముక్క కొరికి సగం నాకిచ్చి, పో అంది. వచ్చే వారం ఎవరి పని పోతుందో, నాదో ఆమెదో, లేక వినుకొండ ముఠా వచ్చి అందరిదీనో, ఆ దిగులుతోనే చేతులు ఆడుతుండేవి.

ఒక పొద్దున గుమస్తా వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. ఉదయం పూట తూర్పు ఎండ వాకిట్లోంచి లోపలి నేల మీద చాపంత మేర పడుతుంది. అక్కడ కాయ పోయకూడదు కాబట్టి ఆ చోటు ఖాళీగా ఉంటుంది. ఆయన సరిగ్గా అందులో నిలబడి గంపలు చూస్తున్నాడు. వాకిలి వరసవాళ్ళం వెలుగుకు అడ్డమొచ్చాడని లోపల్లోపల గొణుక్కుంటున్నాం. ఇంతలో చీకట్లోంచి అత్త గొంతు వినపడింది.

"నాయనా, అట్టానే నిలబడు. కదలమాక."

గుమస్తా ఉలిక్కిపడి పక్కకు జరిగాడు.

"జరగమాకన్నానా? మళ్ళీ అక్కడికే రా. ఆఁ. ఇప్పుడు పంచె కాస్త వెడల్పు చేసుకో."

ఆడవాళ్ళు మూతులకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

"నన్నేమన్నా దిష్టిబొమ్మ అనుకున్నావా పెద్దమ్మా?" అన్నాడాయన.

"దిష్టిబొమ్మ కాదు నాయనా, దీపపు బుడ్డివి. నువ్వు అక్కడ నిలబడితే నాకిక్కడ తాలు కనపడతంది."

ఎవరూ నమ్మలేదు. అత్త నన్ను పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకుంది. గుమస్తాను ఎండలోంచి జరగమంది, మళ్ళీ రమ్మంది. నిజమే. ఆయన జరిగితే చీకటి. ఆ తెల్ల పంచె ఎండలోకి వస్తే వెనక గోడ దాకా పల్చగా, పాలు విరిగి తేరిన నీళ్ళలాంటి వెలుగు. వాకిలి దగ్గర కూర్చున్నన్నాళ్ళూ ఈ సంగతి ఎవరికీ తెలియలేదు. అక్కడివాళ్ళకు ఆయన అడ్డం మాత్రమే.

గుమస్తాను రోజంతా అక్కడ నిలబెట్టలేం గదా. తెల్లటి బట్ట కావాలి, పెద్దది కావాలి. మా ఇళ్ళల్లో అలాంటిది ఎక్కడుంటుంది? అత్త అందరి వంకా చూసింది. "లేవండే, అందరూ లేవండి" అంది. లేచాం. మేము కింద పరుచుకుని కూర్చున్నవన్నీ ఖాళీ యూరియా సంచులే. అత్త ఒక్కతే పాతకాలపు గోనెపట్టా మనిషి. పైన అచ్చు రాతలు, కింద మట్టి. ఒకటి తీసి లోపలి వైపు తిరగేసింది. మల్లెపువ్వులా ఉంది.

"ఇన్నాళ్ళూ వెలుగు మీద కూకోని చీకటి చీకటి అని ఏడస్తన్నాం" అంది.

ఆ సాయంత్రం సంచులన్నీ పంపు దగ్గర ఉతికాం. కుట్లు విప్పి, దబ్బనంతో ఒకదానికొకటి కలిపి కుట్టి పెద్ద పట్టా చేశాం. పొద్దున పూట దాన్ని వాకిట్లో ఎండ పడేచోట నేల మీద పరిచేవాళ్ళం. మధ్యాహ్నం ఎండ లోపలికి రాదు కాబట్టి అప్పుడు కాపలావాడి నులకమంచాన్ని ఆవరణలో అడ్డంగా నిలబెట్టి, పట్టాను దానికి కట్టి, గోడౌను వైపుకు తిప్పేవాళ్ళం. పడమటి ఎండ దానికి తగిలి వాకిట్లోంచి లోపలికి వచ్చేది. గోడౌను నీడ ముందుకు పాకేకొద్దీ ఎవరో ఒకరం లేచి మంచాన్ని వెనక్కి జరిపి వచ్చేవాళ్ళం. కాపలావాడు మధ్యాహ్నం కునుకు పోయిందని మమ్మల్ని తిడుతూ అరుగు మీద పడుకునేవాడు.

సావుకారు గారికి తెలిసింది. మెరిసేది వద్దన్నానా అంటూ వచ్చారు.

"ఇది మెరవదయ్యా, తెల్లగుంటదంతే. మీరే చూడండి" అంది అత్త.

ఆయన లోపలికి వచ్చి కాసేపు నిలబడ్డారు. తర్వాత వంగి, రాశి మీద అరచేయి చాపి పట్టుకుని కాయల మీద నీడ కోసం చూశారు. ఎండ పడుతుంటే చేతి నీడ గట్టిగా పడాలి. అక్కడ ఉందా లేదా అన్నట్టు మసక తప్ప ఏమీ లేదు. చేయి ఎత్తి చూశారు, దించి చూశారు. చేయి దులుపుకుని వెళ్ళిపోయారు. పట్టా తీసేయమనలేదు. గుమస్తా ఆ తర్వాత వచ్చినవాళ్ళందరితోనూ, ఈ ఉపాయం నా పంచె వల్ల వచ్చిందే అని చెప్పుకునేవాడు. అబద్ధమూ కాదు.

ఆ వెలుగు ఎలా ఉండేదో చెప్పమంటే నాకు చెప్పడం రాదు. దేని మీదా పడినట్టుండదు, అన్నిటి మీదా ఉన్నట్టుంటుంది. తాలు కాయ దానంతట అదే పైకి తేలి కనపడేది. ముందు వరస, వెనక వరస అన్న తేడా పోయింది. నా పని నిలబడింది. మా ఆయన కాలు కూడా ఎండలు ముదిరేసరికి నేల మీద ఆనింది. వినుకొండ ముఠా మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

సావుకారు గారి కోపం చల్లారింది కాబట్టి అత్త తన చోటుకు వచ్చేస్తుందనుకున్నాం. నేను లేచి గంప పక్కకు పెట్టాను. ఆమె రాలేదు. మర్నాడూ రాలేదు. ఒకరోజు ఆమె దగ్గర కూర్చుని, నీ చోటు నువ్వు తీసుకో అత్తా, నాకు మొహం చెల్లడం లేదని ఏడ్చినంత పని చేశాను.

ఆమె కాయ ఏరుతూనే ఉంది. తల ఎత్తి వాకిలి వైపు చూసింది. నేనూ చూశాను. వరసలు వరసలుగా మా వాళ్ళందరూ వంగి కూర్చుని ఉన్నారు. తెల్లటి వెలుగు మొహాల మీద కింద నుంచి పడి, ముక్కుపుడకలు, చెమట, నవ్వులు, ఎవరి కనుబొమలు వాళ్ళవి, అన్నీ కనపడుతున్నాయి.

"ఆ వాకిట్లో కూర్చున్నన్నాళ్ళూ మీరందరూ నాకు దగ్గులూ గొంతులూనే. వెనక్కి తిరిగి చూస్తే చీకటి. ఇప్పుడు గదా మొహాలు కనపడతన్నయ్. నేనెందుకు వస్తా?" అంది.

అని భుజం ఎత్తి జబ్బకు కళ్ళు తుడుచుకుంది. ఘాటో ఏమో.

మరుసటి ఏడు మా ఆయన క్వారీకి పనికిరాడన్నారు. నరసరావుపేటలో లారీ ఆఫీసులో కూర్చునే పని దొరికితే సామాను సర్దుకున్నాం. బస్సెక్కే రోజున అత్త వచ్చింది. పని మధ్యలో వచ్చినట్టుంది, ముక్కుకు గుడ్డ అలానే ఉంది. నా కూతుర్ని ఎత్తుకోమంటే చేతులు చూపించి వద్దంది. వంగి, జబ్బతో దాని బుగ్గ రాసింది. పిల్ల ఆ గుడ్డను చూసి జడుసుకుని ఏడ్చింది. గుడ్డ విప్పి మొహం చూపించు అత్తా అన్నాను. మంచం జరిపే వేళయింది పోతన్నా అని వెనక్కి తిరిగింది. ఆ పొడుగు అంగలు వేసుకుంటూ సున్నపు దుమ్ములోకి వెళ్ళిపోయింది. లారీ ఒకటి అడ్డం వచ్చింది. అది పోయాక చూస్తే లేదు.

కొన్నేళ్ళకు పిడుగురాళ్ళ మీదుగా పోతూ దిగి వెతికాను. గోడౌను ఉన్నచోట వేరే ఏదో ఉంది. పేటలో అడిగితే, ఏటి అవతల చెల్లెలి కూతురి దగ్గరికి వెళ్ళిందని ఒకరు, కాదు గురజాల అని ఇంకొకరు అన్నారు. పేరేమిటని అడిగారు. ఏం చెప్పను? అత్త అన్నాను. ఏ అత్త అన్నారు. జబ్బతో మొహం తుడుచుకుని చూపించాను. ఒక ముసలమ్మకు మాత్రం తెలిసింది. ఓహో ఆమెనా అని తనూ అలాగే భుజం ఎత్తి చూపించి నవ్వింది. అంతకు మించి ఆమెకూ తెలియదు. ఉందో పోయిందో ఈనాటి వరకూ నాకు కబురు లేదు. ఎక్కడ మిరపకాయలు ఆరబోసి ఉన్నా నా అడుగు అక్కడ ఆగిపోతుంది. ఏరేవాళ్ళ చేతుల వంక కాదు, భుజాల వంక చూస్తాను.

ఇదంతా పిల్లకు చెప్పలేదు. ఇంత కథ వినే తీరిక దానికి ఉందో లేదో. ఇందులో మనుషుల్ని పెట్టవా అని మాత్రం అడిగాను. పెడతాను అమ్మమ్మా, హాలు ఎంత పెద్దదో తెలియాలంటే మనిషి ఉండాలి అంది. వాకిలి దగ్గర ఒకామెను నిలబెట్టింది.

"అక్కడ కాదు. వెనక గోడ దగ్గర" అన్నాను.

"అక్కడ ఎవరుంటారు అమ్మమ్మా, స్టేజీ వెనక?"

"ఉంటారులే. కూర్చోబెట్టు. పొట్టిగా ఉండాలి."

పిల్ల నవ్వుకుంటూ కూర్చోబెట్టింది. మొహం సరిగ్గా రాదని ముందే చెప్పింది. మళ్ళీ మొదటి నుంచి బొమ్మ వేయమని కంప్యూటరుకు చెప్పి, ఇది తేరేసరికి కాసేపు పడుతుంది, అన్నం తిందాం రమ్మని లేచింది. నేను చాప మీదే ఉన్నాను. వాకిలి వచ్చింది. తెల్లటి నేల వచ్చింది. పక్క గోడ మెల్లగా తేరుకుంటోంది. వెనక మూల మాత్రం ఇంకా మసకగా ఉంది, అక్కడ ఒక మనిషి ఉన్నట్టు లేనట్టు.

కంచం పెట్టి పిల్ల మళ్ళీ పిలిచింది.

"ఆగవే. నా కళ్ళు ఇంకా బయటే ఉన్నయ్" అన్నాను.